'ట్రేసీ చాప్‌మన్': ఒక గొంతు, ఒక గిటార్, పదకొండు పాటలు

'ట్రేసీ చాప్‌మన్' అమెరికన్ గాయని ట్రేసీ చాప్‌మన్ తొలి ఆల్బమ్. ఆమె పేరే ఆల్బమ్ పేరు. ఎలక్ట్రా రికార్డ్స్ సంస్థ 1988 ఏప్రిల్ 5న దీన్ని విడుదల చేసింది. ఇందులో 11 పాటలున్నాయి, మొత్తం కలిపి 36 నిమిషాలు. మాటలు ఆమెవే, బాణీలు ఆమెవే, గొంతు ఆమెదే. మాతువు, ధాతువు రెండూ ఒక్కరివే అయితే వాళ్లను మనం వాగ్గేయకారులంటాం. పాశ్చాత్య జానపద సంగీతంలో ఆ కోవకు చెందిన మనిషి చాప్‌మన్. విడుదలయ్యేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. బోస్టన్ పరిసరాల్లోని వీధుల్లో, కాఫీ హోటళ్లలో ఆమె పాట విన్నవాళ్లకు తప్ప ఆ పేరు ఎవరికీ తెలియదు. అదే ఏడాది ఆగస్టులో ఈ ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ప్రపంచమంతటా కలిపి ఇప్పటికి 2 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

ఈ ఆల్బమ్ గురించి రాసేవాళ్లు చాలామంది 1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఒక సంఘటన దగ్గర మొదలుపెట్టి, అక్కడే ఆపేస్తారు. మరో గాయకుడు పాడలేకపోవడంతో ఆ ఖాళీలో ఆమె పాడిందనీ, అదృష్టం తలుపు తట్టిందనీ చెప్తారు. జరిగింది అదే. కాని ఆ ఖాళీలో మరెవరిని నిలబెట్టినా అదే ఫలితం వచ్చేదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఏ హంగూ లేకుండా, పక్కవాద్యం ఒక్కటీ లేకుండా, డెబ్బై వేల మంది ముందు నిలబడి పాడగలిగే పాటలు ఆ రోజు ఆమె దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అవి ఎలా సిద్ధమయ్యాయో చూస్తే తప్ప ఈ ఆల్బమ్ ఎందుకు నిలిచిందో అర్థం కాదు.

క్లీవ్‌లాండ్ నుంచి హార్వర్డ్ స్క్వేర్ దాకా

చాప్‌మన్ 1964 మార్చి 30న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. ఉక్కు కర్మాగారాల మీద బతికిన ఊరు అది. ఆమె పెరిగే కాలానికి ఆ కర్మాగారాలు ఒక్కొక్కటే చతికిలబడుతున్నాయి. ఆమెకు రెండేళ్లున్నప్పుడు, 1966 జులైలో, ఆ నగరంలోని హఫ్ అనే నల్లజాతి పేటలో అల్లర్లు చెలరేగి నలుగురు చనిపోయారు. నాలుగేళ్ల వయసులో తల్లిదండ్రులు విడిపోయారు. ఇద్దరు ఆడపిల్లలనూ తల్లి ఒక్కతే పెంచింది. ఇల్లు గడవడమే కష్టమైన రోజుల్లో కూడా మూడేళ్ల కూతురికి ఆ తల్లి యుకెలేలే కొనిచ్చింది. యుకెలేలే అంటే నాలుగు తీగల చిన్న గిటార్ లాంటి వాద్యం. ఎనిమిదేళ్లకు గిటార్ చేతికొచ్చింది. ఆ వయసులోనే సొంతంగా పాటలు కట్టడమూ మొదలైంది. గిటార్ మీద తనకు మనసు పడింది టీవీలో వచ్చే 'హీ హా' అనే కార్యక్రమం చూసి అని ఆమె చెప్పుకుంది. అది కంట్రీ సంగీతం, హాస్యం కలగలిపిన కార్యక్రమం. ఈ చిన్న వివరం యాభై ఏళ్ల తర్వాత జరిగిన ఒక విషయంతో ముడిపడుతుంది కాబట్టి గుర్తుపెట్టుకోవాలి.

చదువులో చురుకైన పేద, అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మంచి ప్రైవేటు బడుల్లో సీటు ఇప్పించే 'ఎ బెటర్ చాన్స్' అనే పథకం ఆమెను క్లీవ్‌లాండ్ దాటించింది. కనెక్టికట్ రాష్ట్రం డాన్‌బరీలోని వూస్టర్ స్కూల్లో చేరింది. అక్కడ ఆమె పాట విన్న బడి మతగురువు తోటి విద్యార్థుల దగ్గర, ఉపాధ్యాయుల దగ్గర చందాలు పోగుచేసి ఆమెకు కొత్త గిటార్ కొనిపెట్టాడు. ఈ ఆల్బమ్‌కు మొదటి పెట్టుబడి ఏదంటే ఆ చందానే చెప్పాలి.

తర్వాత మసాచుసెట్స్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివింది. చదువుకుంటూనే కేంబ్రిడ్జ్‌లోని హార్వర్డ్ స్క్వేర్‌లో, భూగర్భ రైల్వే స్టేషన్లలో నిలబడి పాడేది. వీధిలో పాడడం కఠినమైన బడి. టికెట్ కొనుక్కొని వచ్చినవాడు పాట నచ్చకపోయినా కాసేపు కూర్చుంటాడు. రైలు కోసం పరుగెత్తేవాడు కూర్చోడు. మొదటి మాటకే అతని అడుగు ఆగాలి. మైకు లేకుండానే ప్రతి అక్షరం స్పష్టంగా వినపడాలి. చాప్‌మన్ పాటల్లో మాట ఎప్పుడూ బాణీ కింద నలగదు. మొదటి వాక్యంలోనే ఒక మనిషి, ఒక చోటు, ఒక అవసరం కళ్లకు కడతాయి. ఈ లక్షణం ఆమెకు వీధిలోనే అబ్బి ఉంటుందని ఈ వ్యాసకర్త నమ్మకం.

టేపు చేతులు మారిన కథ

1980ల నడిమి సంవత్సరాల్లో దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వానికి వ్యతిరేకంగా అమెరికా కళాశాలల్లో ఉద్యమం బలంగా సాగింది. టఫ్ట్స్‌లో అలాంటి నిరసన సభకు ఏర్పాట్లు చేస్తున్న బ్రయన్ కాపెల్మన్ అనే విద్యార్థికి, సభలో పాడడానికి చాప్‌మన్ తగినదని ఎవరో చెప్పారు. అతను ఒక కాఫీ హోటల్‌కు వెళ్లి ఆమె పాట విన్నాడు. అతని తండ్రి చార్లెస్ కాపెల్మన్ సంగీత ప్రచురణ రంగంలో పేరున్నవాడు, ఎస్బీకే సంస్థ నడుపుతున్నాడు. నాన్నకు పరిచయం చేస్తానంటే ఆమె పెద్దగా ఆసక్తి చూపలేదు, టేపూ ఇవ్వలేదు.

అయితే విశ్వవిద్యాలయపు రేడియో స్టేషన్ డబ్ల్యూఎంఎఫ్ఓలో ఆమె కొన్ని పాటలు రికార్డు చేసి పెట్టుకుంది. పాటల హక్కులు తన పేర నమోదు చేసుకోవడానికి ఆమెకు రికార్డింగు కావాలి. ప్రతిగా ఆ పాటలు ప్రసారం చేసుకునే వీలు స్టేషన్‌కు. ఈ సంగతి తెలిసిన బ్రయన్, స్నేహితుడొకడు స్టేషన్‌లోని మనిషిని మాటల్లో పెట్టగా, టేపు తీసుకొని బయటపడ్డాడు. అతనే తర్వాత చెప్పిన కథ ఇది. ఆ టేపులో ఉన్న పాట 'టాకిన్ బౌట్ ఎ రెవల్యూషన్'. తండ్రి విన్నాడు, ఆమెతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. చదువు పూర్తయ్యాక నీల్ యంగ్, జోనీ మిచెల్ వంటి వాళ్ల వ్యవహారాలు చూసిన ఎలియట్ రాబర్ట్స్ ఆమెకు మేనేజర్ అయ్యాడు. 1987లో ఎలక్ట్రా సంస్థ ఆమెను తీసుకుంది.

ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. ఇరవై ఏళ్ల విద్యార్థిని, చేతిలో డబ్బు లేని పిల్ల, కీర్తి కోసం వెంపర్లాడలేదు. తన పాట మీద హక్కు తనదేనని ముందే రాయించుకోవాలనుకుంది. తర్వాతి ముప్పై ఐదేళ్లలో ఆ జాగ్రత్త ఎన్నిసార్లు పనికొచ్చిందో ముందుకెళ్తే తెలుస్తుంది.

స్టూడియోలో ఎనిమిది వారాలు

ఒప్పందం కుదిరినా నిర్మాత దొరకడం కష్టమైంది. ఎంతోమంది నిర్మాతలు కాదన్నారు. అందుకు కారణం ఆ కాలపు అభిరుచిలో ఉంది. 1987, 88 నాటి పాప్ సంగీతం నిండా సింథసైజర్లు, డ్రమ్ యంత్రాలు, గొంతు చుట్టూ ప్రతిధ్వనులు. అమ్మకాల పట్టికల్ని ఏలుతున్నది మైకేల్ జాక్సన్, జార్జ్ మైకేల్. రాక్‌లో గన్స్ ఎన్ రోజెస్ హోరు. ముందటేడు సుజాన్ వేగా 'లూకా' అనే పాటతో, గిటార్ పట్టుకున్న ఒంటరి గొంతుకు ఇంకా చోటుందని చూపింది. అయినా వ్యాపారం తెలిసినవాళ్లకు నమ్మకం కుదరలేదు.

చివరికి డేవిడ్ కెర్షెన్‌బామ్ ఒప్పుకున్నాడు. జోన్ బాయెజ్ 'డైమండ్స్ అండ్ రస్ట్' ఆల్బమ్‌కు, జో జాక్సన్ తొలి ఆల్బమ్‌కు పనిచేసినవాడు. యంత్రాల సందడి లేని ఆల్బమ్ ఒకటి చేయాలని ఎదురుచూస్తున్నాడు. హాలీవుడ్‌లోని పవర్‌ట్రాక్స్ స్టూడియోలో ఎనిమిది వారాల్లో పని పూర్తయింది. ఆమె గొంతు, ఆమె గిటార్ ముందుండాలి. మిగతావన్నీ వాటి వెనక నడవాలి. ఇది వాళ్లు పెట్టుకున్న నియమం. బేస్ గిటార్‌కు, డ్రమ్ములకు ఎవరు తగుతారో తేల్చడానికి వేర్వేరు వాద్యకారుల జోడీలను పిలిచి వాయింపించి చూశారు. చివరికి బేస్‌కు లారీ క్లైన్‌ను, డ్రమ్ములకు డెనీ ఫాంగైజర్‌ను ఎంచుకున్నారు. మృదంగం వాయించేవాళ్లలో గాత్రానికి ఎక్కడ చోటివ్వాలో తెలిసినవాళ్లనే మన విద్వాంసులు పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఇక్కడ జరిగిన ఎంపిక కూడా అలాంటిదే. ఈ ఆల్బమ్‌లో డ్రమ్ము మోగే చోట్లకన్నా మోగని చోట్లే ఎక్కువ మాట్లాడతాయి.

కవరు మీద బొమ్మ తీసింది మాట్ మహ్యూరిన్. తల వంచుకొని, కళ్లు దించుకొని ఉన్న ఆమె ముఖం, మసకబారిన మట్టిరంగులో. అప్పటి కవర్ల మీద కనిపించే మెరుపులేవీ లేవు.

పాటలు

'టాకిన్ బౌట్ ఎ రెవల్యూషన్' ఆల్బమ్‌ను తెరుస్తుంది. పనికోసం, సాయంకోసం వరుసల్లో నిలబడ్డ పేదలు తిరగబడే రోజు గుసగుసగా మొదలవుతోందని చెప్పే పాట. 1980లలో రేగన్ ప్రభుత్వం సంక్షేమానికి కోత పెట్టిన నేపథ్యం దానికి ఉంది. అయితే అందులో నినాదపు అరుపు వినపడదు. రాబోయే వాన గురించి రైతు చెప్పినంత మామూలుగా ఆమె ఆ మాట చెప్తుంది.

రెండో పాట 'ఫాస్ట్ కార్'. ఎలక్ట్రాకు ఇచ్చిన నమూనా టేపులో ఇది లేదు. తర్వాత కెర్షెన్‌బామ్ ఎదుట మొదటిసారి పాడినప్పుడు, విన్న క్షణమే అతనికి నచ్చేసింది. దాదాపు ఐదు నిమిషాల ఈ పాటలో ఒక నవల ఉంది. తల్లి ఇల్లు విడిచి వెళ్లింది. తాగుడుకు బానిసైన తండ్రిని చూసుకోవడానికి కూతురు చదువు మానేసింది. దుకాణంలో పనిచేసి కొంచెం కొంచెం కూడబెడుతోంది. ఆమె ప్రియుడికి వేగంగా పోయే కారుంది. ఆ కారెక్కి ఊరు దాటితే బతుకు మారుతుందని ఆశ. ఊరు దాటుతారు. ఆమెకు సూపర్ మార్కెట్లో పని దొరుకుతుంది, అతనికి దొరకదు. పిల్లలు పుడతారు. అతను ఆమె తండ్రిలాగే తాగుబోతు స్నేహాలలో మునిగి ఇంటికి రావడమే తగ్గిస్తాడు. చివరికి, కారు తీసుకొని నువ్వే వెళ్లిపో అని ఆమె అతనికి చెప్తుంది. మొదటి చరణంలో ఇద్దరినీ తీసుకెళ్లాల్సిన కారు చివరి చరణంలో ఒక్కడినే తీసుకెళ్లే కారవుతుంది. మాట దాదాపు అదే, అర్థం తలకిందులైపోయింది.

బాణీ కట్టిన తీరు కూడా ఆ కథలాగే ఉంది. గిటార్ మీద ఒక చిన్న వరస పాట మొదలైనప్పటినుంచి తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడికీ పోకుండా చక్రం తిరిగినట్టు. చరణాలన్నీ ఆ వరస మీదే, దాదాపు మాట్లాడే గొంతులో సాగుతాయి. కారులో వెళ్తూ అతని చెయ్యి భుజం చుట్టూ ఉన్న ఒక్క రాత్రిని ఆమె తలచుకునే చోట మాత్రం డ్రమ్ములు అందుకుంటాయి, గొంతు పైకి లేస్తుంది. ఆ జ్ఞాపకం అవగానే మళ్లీ పాత వరసే. పేదరికం నుంచి బయటపడడం ఎంత కష్టమో వ్యాసాలు రాసి చెప్పొచ్చు. ఈ పాట గిటార్ వరసతోనే చెప్పింది.

నాలుగో పాట 'బిహైండ్ ద వాల్'. ఇందులో ఏ వాద్యమూ లేదు. ఉన్నది గొంతు ఒక్కటే. గోడకు అవతల ఇంట్లో భర్త భార్యను కొడుతున్నాడు. ఇవతల ఇంట్లో ఒకామె ఆ కేకలు వింటూ నిద్రలేకుండా పడుకుని ఉంది. పోలీసుల్ని పిలిచి లాభం లేదని ఆమెకు తెలుసు. వచ్చినా ఆలస్యంగా వస్తారు, మొగుడూపెళ్లాల గొడవని వెళ్లిపోతారు. ఈ పాటలో వాద్యం పెట్టకపోవడం అలంకారం కోసం చేసిన పని కాదు. వినేవాళ్లను కూడా ఆ గోడ పక్కనే, ఆ నిశ్శబ్దంలోనే కూర్చోబెట్టడానికి అంతకు మించిన దారి లేదు. పెద్ద సంస్థ తన కొత్త గాయని మొదటి ఆల్బమ్‌లో ఇలాంటి పాటకు చోటిచ్చిందంటే నిర్మాత మాట మీద గట్టిగా నిలబడ్డాడనే అర్థం.

'అక్రాస్ ద లైన్స్' నగరాన్ని తెల్లవాళ్ల వైపు, నల్లవాళ్ల వైపు అని చీల్చే గీతల గురించి. ఒక నల్లజాతి పిల్ల మీద జరిగిన దాడి అల్లర్లుగా మారడం అందులోని కథ. 'మౌంటెన్స్ ఓ థింగ్స్' వస్తువుల మోజు గురించి. 'వై?' మాత్రం కొంచెం పల్చన. ఆకలి, బాంబులు, హింస అన్నిటినీ వరుస ప్రశ్నలుగా గుప్పించడంతో, 'ఫాస్ట్ కార్'లో ఒక్క మనిషి కథ కలిగించిన బరువు ఇందులో రాదు. ఆల్బమ్‌లో ప్రేమ పాటలూ ఉన్నాయి. వాటిలో 'బేబీ కెన్ ఐ హోల్డ్ యూ' ఆణిముత్యం. సమయానికి చెప్పలేకపోయిన చిన్న చిన్న మాటల గురించిన పాట. 1997లో ఐర్లండ్ బృందం బాయ్‌జోన్ పాడి బ్రిటన్ పట్టికలో రెండో స్థానానికి తీసుకెళ్లింది.

వెంబ్లీ, 1988 జూన్ 11

ఆల్బమ్ విడుదలైన మొదటి వారాల్లో మంచి సమీక్షలు వచ్చాయి. టెన్ థౌజండ్ మేనియాక్స్ అనే బృందం కచేరీలకు ముందు పాడుతూ ఆమె ఊళ్లు తిరిగింది. అమ్మకాలు నిలకడగా ఉన్నా, ఉప్పెనలా లేవు.

నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు 1988 జులై 18. అప్పటికి ఆయన దక్షిణాఫ్రికాలో పోల్స్‌మూర్ జైల్లో ఉన్నాడు. 1962 నుంచి బందీగానే ఉన్నాడు. ఆయన విడుదల కోరుతూ పుట్టినరోజుకు నెల ముందే వెంబ్లీలో పెద్ద కచేరీ ఏర్పాటైంది. నిర్వాహకుడు టోనీ హాలింగ్స్‌వర్త్. 67 దేశాల్లో టీవీలో ప్రసారమైంది. 60 కోట్ల మంది చూశారని నిర్వాహకుల అంచనా. పెద్ద పెద్ద పేర్ల మధ్య చాప్‌మన్‌కు పగటిపూట చిన్న అవకాశం దొరికింది. వచ్చింది, మూడు పాటలు పాడింది, వెళ్లిపోయింది.

సాయంత్రం స్టీవీ వండర్ వంతు. ఆయన పాటలకు కావలసిన సంగీతమంతా సింక్లావియర్ అనే వాద్యయంత్రపు హార్డ్ డిస్కులో ఉంది. వేదిక ఎక్కబోయే ముందు ఆ డిస్కు కనపడలేదని తెలిసింది. అది లేకుండా పాడలేనని ఆయన కన్నీళ్లతో వెనుదిరిగాడు. కోట్ల మంది చూస్తున్న ప్రత్యక్ష ప్రసారంలో వేదిక ఖాళీ. మరో బృందాన్ని ఎక్కించాలంటే వాద్యాలు సర్దడానికే ఎంతో సమయం పడుతుంది. ఏ సరంజామా అక్కర్లేకుండా అప్పటికప్పుడు పాడగలిగిన మనిషి కావాలి. చాప్‌మన్‌ను అడిగారు. ఒక గిటార్, ఒక మైకుతో ఆమె రెండోసారి వేదికెక్కింది. పాడినవి రెండు పాటలు, 'ఫాస్ట్ కార్', 'అక్రాస్ ద లైన్స్'.

ఆనాటి దృశ్యం చూసినవాళ్లకు గుర్తుండేది ఆమె నిలకడ. చేతులూపడం లేదు, జనాన్ని పలకరించి ఉత్సాహపరచడం లేదు. కళ్లు సగం మూసుకొని, రైల్వే స్టేషన్‌లో పాడినట్టే పాడింది. కాసేపటి క్రితం గోలగా ఉన్న జనం క్రమంగా సద్దుమణిగారు. స్టీవీ వండర్ కొంతసేపటికి తిరిగొచ్చి వేరే కీబోర్డు మీద పాడాడు. కాని మరునాటి నుంచి రికార్డుల దుకాణాల్లో అడిగింది ఆమె పేరు. నిర్వాహకులు చెప్పే లెక్క ప్రకారం ఆ రోజు ముందు దాకా ఆల్బమ్ సుమారు రెండున్నర లక్షల ప్రతులు అమ్ముడైంది. తర్వాతి రెండు వారాల్లో ఆ సంఖ్య 20 లక్షలు.

ఈ ఘట్టాన్ని అదృష్టం అనేవాళ్లు ఒక్క విషయం ఆలోచించాలి. స్టీవీ వండర్‌లాంటి మహా వాద్యకారుడే ఆ క్షణాన డిస్కు లేక ఆగిపోయాడు. ఆ కాలపు సంగీతం యంత్రం మీద అంతగా ఆనుకొని ఉంది. చాప్‌మన్ పాటకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. స్టూడియోలో పెట్టుకున్న నియమమే వేదిక మీద ఆమెను నిలబెట్టింది.

పట్టికలు, బహుమతులు, ఢిల్లీ

ఆ వేసవిలో ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. ఐరోపాలోని మరెన్నో దేశాల్లోనూ అంతే. అమెరికాలో ఆగస్టు 27న బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానం దక్కింది. 'ఫాస్ట్ కార్' పాట అమెరికాలో ఆరో స్థానం, బ్రిటన్‌లో ఐదో స్థానం అందుకుంది. మిగతా పాటలు విడిగా అంత ఎత్తుకు పోలేదు. 'టాకిన్ బౌట్ ఎ రెవల్యూషన్' అమెరికాలో 75 దగ్గరే ఆగింది. అంటే జనం ఒక్క పాట విని ఆల్బమ్ మొత్తాన్ని ఇంటికి తెచ్చుకున్నారు, తెచ్చుకున్నాక వదల్లేదు. అమెరికాలో ఒక్కచోటే 60 లక్షల ప్రతులకు గుర్తింపు లభించింది.

1989 ఫిబ్రవరిలో జరిగిన 31వ గ్రామీ వేడుకలో మూడు బహుమతులు వచ్చాయి. ఉత్తమ నూతన కళాకారిణి, 'ఫాస్ట్ కార్'కు ఉత్తమ పాప్ గాయని, ఆల్బమ్‌కు సమకాలీన జానపద సంగీత విభాగంలో బహుమతి. ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ జార్జ్ మైకేల్ 'ఫెయిత్'. ఉత్తమ పాట బాబీ మెక్‌ఫెరిన్ 'డోంట్ వర్రీ, బి హ్యాపీ'. బాధపడకు, సంతోషంగా ఉండు అనే పాట 'ఫాస్ట్ కార్'ను దాటి గెలిచింది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఆ తీర్పు నిలిచేది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మన దేశానికి ఈ ఆల్బమ్‌తో నేరుగా ఒక బంధం ఉంది. విశ్వ మానవ హక్కుల ప్రకటనకు 40 ఏళ్లు నిండిన సందర్భంగా ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 'హ్యూమన్ రైట్స్ నౌ' పేరుతో ప్రపంచ యాత్ర జరిపింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గేబ్రియల్, సెనెగల్ గాయకుడు యూసు ఎన్‌దూర్‌లతో పాటు చాప్‌మన్ ఆరు వారాల్లో 20 కచేరీలలో పాడింది. 1988 సెప్టెంబరు 30న ఆ యాత్ర న్యూఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వచ్చింది. ఆల్బమ్ వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. గృహహింస గురించి, పేదరికం గురించి ఆమె రాసిన పాటలు అర్థం కావడానికి ఢిల్లీ శ్రోతకు క్లీవ్‌లాండ్ చూసి ఉండనక్కర్లేదు.

అంతటి ఆదరణలోనూ ఒక చేదు నిజం బయటపడింది. అమెరికాలో నల్లజాతి సంగీతం వేసే రేడియోలు ఈ ఆల్బమ్‌ను అంతగా పట్టించుకోలేదు. గిటార్ పట్టుకొని జానపద శైలిలో పాడేది తెల్లవాళ్ల సంగీతమని అప్పటి వ్యాపారం గీత గీసేసింది. ఆమె కచేరీలకు వచ్చేవాళ్లలోనూ తెల్లవాళ్లే ఎక్కువని చర్చ నడిచింది. బాంజో ఆఫ్రికా నుంచి వచ్చిందనీ, ఎన్నో జానపద గీతాలకు, బ్లూస్‌కు నల్లవాళ్లు పనిచేసిన పొలాలే పుట్టిళ్లనీ మరిచిపోతే తప్ప అలాంటి గీత గీయడం కుదరదు. 'అక్రాస్ ద లైన్స్' రాసిన మనిషి పాటకే ఆ గీత అడ్డుపడింది.

తర్వాతి కాలం

రెండో ఆల్బమ్ 'క్రాస్‌రోడ్స్' 1989లో వచ్చింది. అందులో మండేలాకు అంకితమిచ్చిన పాట ఉంది. నాలుగు నెలలకు, 1990 ఫిబ్రవరి 11న, మండేలా విడుదలయ్యాడు. 1995 నాటి 'న్యూ బిగినింగ్'లోని 'గివ్ మి వన్ రీజన్' అమెరికాలో మూడో స్థానం దాకా వెళ్లి, ఆమెకు మరో గ్రామీ తెచ్చింది. 2008లో వచ్చిన 'అవర్ బ్రైట్ ఫ్యూచర్' తర్వాత కొత్త ఆల్బమ్ లేదు. బయట కనిపించడమూ అరుదైపోయింది. 2020 నవంబరులో, అధ్యక్ష ఎన్నికల ముందు రోజు రాత్రి, సెత్ మేయర్స్ టీవీ కార్యక్రమంలో 'టాకిన్ బౌట్ ఎ రెవల్యూషన్' పాడి, ఓటు వేయమని గుర్తుచేసింది.

తొలి ఆల్బమ్ పాటలు మాత్రం ఆమె లేకుండానే ఊరేగుతూ వచ్చాయి. 2011లో బ్రిటన్‌లో ఒక టీవీ పోటీలో ఎవరో 'ఫాస్ట్ కార్' పాడితే, అసలు పాట మళ్లీ పట్టికలోకొచ్చి నాలుగో స్థానం చేరింది. 1988 కన్నా ఒక మెట్టు పైకి. 2016లో జోనస్ బ్లూ చేసిన నృత్య రూపం అక్కడే రెండో స్థానం అందుకుంది. అనుమతి లేకుండా వాడితే ఆమె ఊరుకోలేదు. 'బేబీ కెన్ ఐ హోల్డ్ యూ'ను వాడుకుని చేసిన పాట బయటకొచ్చిందని 2018లో నిక్కీ మినాజ్ మీద దావా వేసింది. 2021లో 4,50,000 డాలర్ల పరిహారంతో అది ముగిసింది. విద్యార్థినిగా తన పాటల్ని తన పేర నమోదు చేసుకోవాలనుకున్న పట్టుదలే ఇది.

2023 మార్చిలో కంట్రీ గాయకుడు ల్యూక్ కూంబ్స్ తన ఆల్బమ్‌లో 'ఫాస్ట్ కార్' పాడాడు. నార్త్ కరోలినాలో పుట్టిన తెల్లజాతి యువకుడతను. చిన్నప్పుడు తండ్రి ట్రక్కులో విన్న పాట. స్త్రీ చెప్పే కథలో మాటలు తనకు అనువుగా మార్చుకోకుండా ఉన్నదున్నట్టు పాడాడు. అది బిల్‌బోర్డ్ పాటల పట్టికలో రెండో స్థానానికి, కంట్రీ రేడియో పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. ఒంటిచేత్తో రాసిన పాటతో కంట్రీ రేడియో పట్టికలో అగ్రస్థానం చేరిన మొదటి నల్లజాతి మహిళ చాప్‌మన్ అయింది. ఆ నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం బహుమతి ఆమెకు ఇచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయిత కూడా ఆమే. 'హీ హా' చూసి గిటార్ కావాలన్న క్లీవ్‌లాండ్ పిల్లను ఆ సంగీతం తనదిగా ఒప్పుకోవడానికి ఇంత కాలం పట్టింది.

2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో గ్రామీ వేడుక. ముందు కెమెరా గిటార్ మీద కదిలే వేళ్లను మాత్రమే చూపించింది. ఆ వరస వినగానే సభ కేకలేసింది. వెలుగు ఆమె ముఖం మీద పడింది. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. కూంబ్స్ పక్కన నిలబడి, ఆమె పాడుతుంటే ఆమెనే చూస్తూ పెదవులు కదిపాడు. మరునాటికి అసలు పాట అమెరికా ఐట్యూన్స్ అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది.

ఏళ్లుగా దొరకని ఎల్పీ రికార్డును 2025 ఏప్రిల్ 4న మళ్లీ విడుదల చేశారు. దాని తయారీని చాప్‌మన్, కెర్షెన్‌బామ్ దగ్గరుండి చూసుకున్నారు. అదే నెలలో అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, శాశ్వతంగా భద్రపరచాల్సిన ధ్వనిముద్రణల జాతీయ జాబితాలో ఈ ఆల్బమ్‌ను చేర్చింది.